‘ట’ రాలిపోయిన మాట: మాంద్యం, ఉద్యోగాల కోత, వదంతులు

మన భాషలో ‘ట’ అనే చిన్న అక్షరం ఒకటుంది. “వాన పడింది” అంటే నాకు తెలిసి చెబుతున్నానని అర్థం. “వాన పడిందట” అంటే ఎవరో చెప్పగా విన్నానని అర్థం. తెలిసినదానికీ విన్నదానికీ మధ్య మన పెద్దలు వేసిన గట్టు అది. వదంతి అంటే ఏమిటని ఎవరైనా అడిగితే, దారిలో ‘ట’ రాలిపోయిన మాట అని చెప్పవచ్చు. “ఆ కంపెనీలో మనుషుల్ని తీసేస్తారట” అని పొద్దున బయలుదేరిన మాట మధ్యాహ్నానికి “తీసేస్తారు” అవుతుంది. సాయంత్రానికి “రెండొందలమందిని తీసేశారు, మా బావమరిది స్నేహితుడు కూడా అందులో ఉన్నాడు” అవుతుంది.

ఆర్థికమాంద్యం వచ్చినప్పుడు ఈ ‘ట’ ఎందుకంత తొందరగా రాలిపోతుంది? దానివల్ల నష్టపోయేదెవరు? ఈ రెండు ప్రశ్నలే ఈ వ్యాసానికి విషయం.

భయానికి కారణం లేకపోలేదు

వదంతిని నమ్మేవాళ్ళంతా తెలివితక్కువవాళ్ళనుకోవడం పొరపాటు. 2008 సంగతే తీసుకుందాం. ఆ ఏడాది సెప్టెంబరు 15న అమెరికాలో లేమన్ బ్రదర్స్ సంస్థ దివాలా దాఖలు చేసింది. న్యూయార్కులో ఒక సంస్థ కూలితే అమీర్‌పేటలో కంప్యూటరు కోర్సు చదివే కుర్రవాడికి నిద్ర ఎందుకు పట్టకూడదు? హైదరాబాదు సాఫ్ట్‌వేర్ సంస్థల ఆదాయంలో పెద్దభాగం అమెరికా కంపెనీల పనులనుంచే వచ్చేది. అందులో అక్కడి బ్యాంకులు, బీమా సంస్థలదీ పెద్ద వాటాయే. అక్కడ ఖర్చు తగ్గించుకుంటే ఇక్కడ ప్రాజెక్టులు ఆగాయి. పనిలేక ‘బెంచి’మీద కూర్చున్నవారు పెరిగారు. కాంపస్ సెలక్షన్లలో నెగ్గినవారికి చేరవలసిన తేదీలు వెనక్కు జరిగాయి. కేంద్ర లేబర్ బ్యూరో కొన్ని రంగాలను ఎంచుకుని జరిపిన సర్వే ప్రకారం, 2008 అక్టోబరు–డిసెంబరు నెలల్లో దేశంలో సుమారు 5 లక్షల ఉద్యోగాలు పోయాయి. కాబట్టి భయం ఉత్తపుణ్యాన పుట్టినది కాదు.

కాని భయం తనకు కావలసిన వార్తను తానే వెతుక్కుంటుంది. లేమన్ పతనం తరువాత రెండు వారాలకే, ఐసిఐసిఐ బ్యాంకు మునిగిపోతోందన్న పుకారు లేచింది. హైదరాబాదుతోసహా కొన్నిచోట్ల జనం ఏటీఎంల ముందు బారులు తీరారు. సెప్టెంబరు 30న రిజర్వు బ్యాంకు, ఆ బ్యాంకు దగ్గర తగినంత మూలధనం ఉందనీ, ఖాతాదారులకు ఇవ్వడానికి నగదు ఏర్పాటు చేశామనీ ప్రకటన ఇవ్వవలసి వచ్చింది. ఇలాంటి పరిస్థితినే సమాజశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1948లో ‘తనను తానే నిజం చేసుకునే జోస్యం’ అన్నాడు. బ్యాంకు మునుగుతుందని అందరూ ఒకేసారి డబ్బు తీస్తే, బాగున్న బ్యాంకు కూడా మునుగుతుంది.

శాస్త్రం ఏమంటుంది?

వదంతులమీద తొలినాటి పరిశోధనలలో ఒకటి మనదేశంలోనే జరిగిందని చాలామందికి తెలియదు. 1934 జనవరి 15న బీహారులో మహాభూకంపం వచ్చింది. ఆ తరువాత వ్యాపించిన వదంతులను జమునా ప్రసాద్ సేకరించి, 1935లో వ్యాసం ప్రచురించారు. ఆయన సేకరించిన వదంతులు, కంపనం తెలిసినా ఇళ్ళు కూలని చోట్లవి. అక్కడివాళ్ళు ఇంకా పెద్ద ఉపద్రవాలు రాబోతున్నాయని చెప్పుకున్నారు. ఒళ్ళు వణికింది, నష్టం మాత్రం కళ్ళకు కనబడలేదు. ఆ వణుకుకు ఒక కారణం కావాలి. ఉద్యోగాల కోత కాలంలో కూడా ఇదే చూస్తాం. ఉద్యోగం పోయినవాడికి సంగతేమిటో తెలిసిపోయింది. ఇంకా ఉద్యోగంలో ఉన్నవాడే రాత్రంతా పుకార్లు లెక్కపెడుతూ పడుకుంటాడు.

అమెరికాలో ఆల్‌పోర్ట్, పోస్ట్‌మన్ అనే మనస్తత్వశాస్త్రజ్ఞులు 1947లో దీన్ని ఒక సూత్రంగా చెప్పారు. వదంతి బలం రెండింటి లబ్ధం: విషయం మనకెంత ముఖ్యమో అది ఒకటి, సమాచారం ఎంత అస్పష్టమో అది రెండవది. ఇది కూడిక కాదు, గుణకారం. ఒకటి సున్నా అయితే ఫలితం సున్నా. ఉద్యోగం ముఖ్యం కాకుండా చేయడం ఎవరితరమూ కాదు. అస్పష్టతను తగ్గించడం మాత్రం యాజమాన్యం చేతిలో ఉంది. నోటీసుబోర్డు ఖాళీగా ఉంటే టీకొట్టే నోటీసుబోర్డవుతుంది.

మాట దారిలో ఎలా మారుతుందో చూడాలంటే జపానులోని తొయొకావా ఉదంతం చాలు. 1973 డిసెంబరు, చమురు సంక్షోభం రోజులు. రైలులో ముగ్గురు హైస్కూలు అమ్మాయిలు మాట్లాడుకుంటున్నారు. ఒకమ్మాయికి ఊళ్ళోని పరపతి సంఘంలో ఉద్యోగం వచ్చింది. “అక్కడ పని ప్రమాదం సుమా!” అని మిగతావాళ్ళు ఆటపట్టించారు. దొంగలు పడతారని వాళ్ళ ఉద్దేశం. ఆ అమ్మాయి ఇంటికెళ్ళి “సంఘం ప్రమాదంలో ఉందా?” అని బంధువును అడిగింది. మాట చేతులు మారింది. కొద్దిరోజులకు ఒక బట్టలుతికే దుకాణానికి ఎవరో వచ్చి, వ్యాపారం పనిమీద 12 లక్షల యెన్లు తీయమని అక్కడి ఫోనులో ఇంటికి చెప్పాడు. అప్పటికే పుకారు విని ఉన్న దుకాణదారులు అది విని తమ 18 లక్షలూ తీసేసుకుని, తెలిసినవాళ్ళకు ఫోన్లు చేశారు. మర్నాటికి సంఘం ముందు జనసమ్మర్దం. పోలీసులు విచారించగా కుట్ర ఏదీ లేదు. అబద్ధమాడినవాడు ఒక్కడూ లేడు!

నాలుగు మాటల తేడా

మన దగ్గర వదంతికి ఇంకొక మేత ఉంది. అది పదాల కలగాపులగం. ‘లే ఆఫ్’ అంటే ఉద్యోగం ఊడిందనే ఇప్పుడందరం వాడుతున్నాం. 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో దాని అర్థం అది కాదు. కరెంటు లేకనో, ముడిసరుకు లేకనో, సరుకు పేరుకుపోయో యజమాని పని ఇవ్వలేకపోవడం లే ఆఫ్. కార్మికుడి పేరు హాజరుపట్టీలోనే ఉంటుంది. అర్హత ఉన్నవారికి మూలవేతనం, కరువుభత్యం కలిపినదానిలో సగం పరిహారంగా రావాలి. సిబ్బందిని శాశ్వతంగా తగ్గించడం ‘రిట్రెంచ్‌మెంట్’. దానికి నెలరోజుల నోటీసు, ఏడాదికి 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం ఉండాలి. వివాదంలో యజమాని తాత్కాలికంగా తలుపులు వేస్తే ‘లాకౌట్’. పూర్తిగా ఎత్తేస్తే ‘మూసివేత’. 2020లో పార్లమెంటు చేసిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఈ తేడాలను ఉంచారు.

ఇది పరీక్షకు బట్టీపట్టే తేడా కాదు. లే ఆఫ్ నోటీసు పడిన రోజున “కంపెనీ ఎత్తేశారు” అన్న వదంతి విని, భయపడి, ‘మనమే మర్యాదగా తప్పుకుందాం’ అని రాజీనామా రాసిచ్చినవాడి సంగతి ఆలోచించండి. తనంతట తాను మానేసినవాడికి రిట్రెంచ్‌మెంట్ పరిహారం రాదు. అంటే వదంతి ఖరీదు అతని విషయంలో ఏడాదికి 15 రోజుల జీతం. పదేళ్ళ సర్వీసుంటే 150 రోజుల జీతం. పిల్లల ఫీజు, ఇంటద్దె, కిరాణాకొట్టు బాకీ అన్నీ అందులోనే ఉన్నాయి.

అధికారికమైతే చాలా?

ఇంత చెప్పాక “అయితే ప్రకటనలు నమ్మి ఊరుకోవాలా?” అని మీరడగవచ్చు. అలా అనడం లేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధినేత తన లేఖలో, ఖాతాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని ఒప్పుకున్నారు. అవి ఆడిటర్లు సంతకం చేసిన లెక్కలే. మరి ఆ రోజు ప్రకటన అబద్ధమై, అనుమానం నిజమైంది. కాబట్టి చెప్పినవాడి హోదా ఒక్కటే సరిపోదు, ఆధారం కావాలి. ఆధారం లేని ప్రకటన కూడా, కోటు తొడుక్కున్న వదంతే.

మనం చేయగలిగింది

విద్యార్థులుగా మనం కోతలను ఆపలేం. ఒక మాట చెవినపడ్డప్పుడు నాలుగు ప్రశ్నలు మాత్రం వేసుకోగలం. చెప్పినవాడు చూశాడా, విన్నాడా? కాగితం ఏదైనా ఉందా, దానిమీద తేదీ, సంతకం ఉన్నాయా? లే ఆఫా, రిట్రెంచ్‌మెంటా, మూసివేతా? ఇది నమ్మి ఈ రాత్రే నేనొక పని చేస్తే, రేపు అబద్ధమని తేలినా దాన్ని వెనక్కు తీసుకోగలనా? ఈ చివరి ప్రశ్నకు ‘లేను’ అని జవాబు వస్తే, కాగితం చూసేదాకా, యూనియన్ కార్యాలయంలోనో లేబర్ ఆఫీసులోనో కనుక్కునేదాకా ఆగడం మంచిది.

మనలో చాలామందిమి రేపు ఏదో ఒక ఆఫీసులో కూర్చుంటాం. కొందరిచేత ఆ నోటీసు మీద సంతకం పెట్టిస్తారు. అప్పుడు చెడ్డవార్తనైనా తేదీతో, కారణంతో ముందుగా చెప్పడం మన ధర్మం. చెప్పకపోతే ఊరే దాన్ని కల్పించుకుంటుంది.

అంతవరకు కనీసం ఒకటి చేద్దాం. మనదాకా వచ్చిన మాటలో ‘ట’ ఉంటే దాన్ని రాలిపోనివ్వకుండా అవతలివాడికి అందిద్దాం. రాలిపోయి వస్తే, మనమే తిరిగి తగిలిద్దాం. “తీసేశారు” అని ఎవరైనా అంటే, “తీసేశారా, తీసేశారటనా?” అని అడుగుదాం.