నలుగురమ్మాయిల లెక్కల జట్టు

ఎనిమిదో తరగతి అమ్మాయి లెక్కల్లో చురుకని తెలిస్తే చాలు, ఇంట్లో వచ్చే మొదటి మాట ‘ఐఐటీ ఫౌండేషన్‌లో వేద్దాం’. వేయండి, తప్పులేదు. కానీ అదే వయసులో మొదలయ్యే మరో దారి ఉంది. అది యూరోపియన్ గర్ల్స్ మ్యాథమెటికల్ ఒలింపియాడ్ (ఈజీఎంఓ) దాకా వెళ్తుంది. ఫీజు కట్టించుకుని బడిలోనే పెట్టేసే రకరకాల ‘ఒలింపియాడ్ల’తో దీన్ని కలపకండి.

2012లో కేంబ్రిడ్జిలో మొదలైన ఈ పోటీలో యూరప్ బయటి దేశాలకూ చోటుంది. జట్టుకు నలుగురమ్మాయిలు. రెండు రోజుల పరీక్ష. రోజుకు మూడే లెక్కలు, నాలుగున్నర గంటల సమయం. లెక్కకు 7 మార్కులు. ఎవరి పేపరు వాళ్లే రాయాలి, నలుగురి మార్కులూ కలిపి దేశం స్థానం తేలుస్తారు. 2024లో జార్జియా వెళ్లిన మన జట్టులో ఒక్కరూ ఖాళీ చేతులతో రాలేదు: రెండు రజతాలు, రెండు కాంస్యాలు.

ఒక్క లెక్కకు గంటన్నర! మన కోచింగులు నేర్పేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ నిమిషంలో ఆప్షన్ పట్టుకోవాలి. ఇక్కడ జవాబు చెబితే సరిపోదు, అది ఎందుకు నిజమో మెట్టుమెట్టుగా నిరూపించాలి. కాల్‌క్యులస్ అవసరం లేదు. బీజగణితం, జ్యామితి, సంఖ్యా సిద్ధాంతం, కాంబినేటరిక్స్‌లో పట్టుండాలి.

మన దేశంలో దీనికి తొలి మెట్టు ఐఓక్యూఎం (ఇండియన్ ఒలింపియాడ్ క్వాలిఫయర్ ఇన్ మ్యాథమెటిక్స్). సాధారణంగా సెప్టెంబరులో జరుగుతుంది. మూడు గంటల్లో 30 ప్రశ్నలు, 100 మార్కులు. అది దాటితే ఆర్‌ఎంఓ (రీజినల్ మ్యాథమెటికల్ ఒలింపియాడ్), తర్వాత జనవరిలో ఐఎన్‌ఎంఓ (ఇండియన్ నేషనల్ మ్యాథమెటికల్ ఒలింపియాడ్). (సంక్రాంతి పిండివంటల వేళే ఇది వస్తుంది, ఏం చేస్తాం!) ఎంపికలో అమ్మాయిలకు విడిగా కొన్ని చోట్లుంటాయి. ఐఎన్‌ఎంఓలో రాణించిన అమ్మాయిలకు శిక్షణ శిబిరం పెట్టి, అందులోంచి నలుగురిని ఎంచుతారు. ఈజీఎంఓ జరిగేది ఏప్రిల్‌లో. జనవరి నుంచి ఏప్రిల్ దాకా బోర్డు పరీక్షలు, జేఈఈ కూడా ఉంటాయి కాబట్టి ఇంటర్ రెండో ఏడాది దాకా ఆగితే ఆలస్యమైనట్టే. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లోనే మొదలుపెట్టడం మేలు.

ఒంటరిగా సాధన చేస్తే చాలామంది మధ్యలోనే వదిలేస్తారు. క్లాసులో నలుగురైదుగురు అమ్మాయిలు కలిసి వారానికి రెండే లెక్కలు పట్టుకుని, ఒకరి నిరూపణలో తప్పులు మరొకరు వెతకాలి. జట్టుగా రాసే అనుభవం కావాలంటే పర్పుల్ కామెట్ అనే అంతర్జాతీయ ఆన్‌లైన్ పోటీ ఉంది. అబ్బాయిలూ అమ్మాయిలూ ఎవరైనా రాయవచ్చు. జట్టుకు ఆరుగురి వరకు ఉండవచ్చు, రుసుము లేదు. మిడిల్ స్కూల్‌కు, హైస్కూల్‌కు వేర్వేరు పేపర్లు. పర్యవేక్షించే పెద్దవాళ్లొకరుంటే చాలు.

‘పతకం రాకపోతే ఇదంతా దేనికి?’ అని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఐఎన్‌ఎంఓలో ఎంపికైనవారికి చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ రాత పరీక్ష మినహాయిస్తూ వచ్చింది. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ నేరుగా ఇంటర్వ్యూకు పిలుస్తూ వచ్చింది. కొన్ని ఐఐటీలూ ఒలింపియాడ్ ప్రతిభకు సీట్లు కేటాయిస్తున్నాయి. నిబంధనలు మారుతుంటాయి, ఆ ఏటి ప్రకటన చూసుకోవాలి. ఆర్‌ఎంఓ దగ్గరే ఆగిపోయిన అమ్మాయికి కూడా నిరూపణ రాసే అలవాటు మిగులుతుంది. డిగ్రీలో గణితం, కంప్యూటర్ సైన్స్ చదివేటప్పుడు చాలామంది తడబడేది అక్కడే.

పాత ప్రశ్నపత్రాలు మన దేశంలో ఒలింపియాడ్ల బాధ్యత చూసే హోమీ భాభా సెంటర్ ఫర్ సైన్స్ ఎడ్యుకేషన్ వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతాయి. బడి తెరవగానే లెక్కల మాస్టారినో టీచరమ్మనో అడిగి, దగ్గర్లోని ఐఓక్యూఎం కేంద్రం ఎక్కడో కనుక్కోండి.