రంగుల కార్డిగన్ - సూచనాపత్ర పఠనం

కావ్యంలో అర్థం కాని వాక్యాన్ని దాటి ముందుకు పోయినా పఠనం ఆగదు. చేతిపని సూచనాపత్రంలో అట్లా దాటిన వాక్యం పది వరుసల తరువాత వస్త్రంలోనే కనబడుతుంది. కావున సూచనలను చదవడం కూడ ఒక విద్య. రెండు మూడు రంగుల ఊలుతో కార్డిగన్ అల్లే పద్ధతిని ఉదాహరణగా తీసుకొని ఆ విద్యను పరిశీలిద్దాం. సముద్రతీరమైన కాకినాడలో ఉన్నివస్త్రాల అవసరం స్వల్పమే. కాని నమూనా చూచి పనిచేయడం ఉప్పాడ జాందానీకి, నరసాపురం లేసుకు నిలయమైన ఈ ప్రాంతానికి కొత్త కాదు.

కార్డిగన్ అనగా ముందుభాగం నిలువునా తెరచి బొత్తాములు పెట్టుకొనే ఉన్ని అంగీ. 1854లో బాలక్లావా యుద్ధంలో ఆశ్విక దళాన్ని నడిపిన కార్డిగన్ ప్రభువు పేరే దీనికి వచ్చింది. స్కాట్లండుకు ఉత్తరాన ఉన్న ఫెయిర్ ఐల్ ద్వీపం పేరిట ప్రసిద్ధమైన రంగుల అల్లికలో సామాన్యంగా ఒక్కొక్క వరుసలో రెండు రంగులే వాడుతారు. అయితే రంగుల అల్లిక ఐరోపా సొత్తే అనుకోరాదు. ఈజిప్టులో దొరికిన మధ్యయుగపు నూలు మేజోళ్ళలో నీలం, తెలుపు దారాలతో అల్లిన అలంకారాలున్నాయి. కొన్నిటిలో కూఫీ లిపిని పోలిన అక్షరాలు కూడ కనబడుతాయి.

మొదటి చిక్కు పటాన్ని ఏ దిక్కున చదవాలన్నది. గళ్ళ పటంలో ఒక్కొక్క గడి సూదిమీది ఒక్కొక్క కుట్టుకు గుర్తు. దీనినే ఉర్దూలో ఫందా అంటారు. పటాన్ని అడుగునుండి పైకి చదవాలి. మొదటి వరుసను ఉర్దూ వలె కుడినుండి ఎడమకు, అల్లికను తిప్పిన తరువాత రెండవ వరుసను తెలుగు వలె ఎడమనుండి కుడికి చదవాలి. చాలు చివర ఎడ్లను మళ్ళించి దున్నే రైతు నడక ఇటువంటిదే. గుండ్రంగా అల్లి తరువాత ముందుభాగాన్ని కత్తిరించే పద్ధతిలో మాత్రం అన్ని వరుసలూ కుడినుండే మొదలవుతాయి. వరుస సంఖ్యలు పటానికి ఇరువైపుల ఉంటే అది తిప్పి తిప్పి అల్లేదనీ, అన్నీ కుడివైపునే ఉంటే గుండ్రని అల్లిక అనీ సాధారణంగా గ్రహించవచ్చు.

రెండవ చిక్కు సంఖ్యలది. 36 (38, 40) అని కొలతలిచ్చిన పత్రంలో తరువాతి సంఖ్యలన్నీ అదే క్రమంలో వస్తాయి. పని ఆరంభించక ముందే మన కొలతకు చెందిన సంఖ్యకు పత్రమంతటా సున్న చుట్టుకోవాలి. ఆ పత్రం ఏ దేశపుదో కూడ తెలిసికోవాలి. పాత బ్రిటిషు లెక్కలో 10వ నంబరు సూది మందం 3.25 మిల్లీమీటర్లు, అమెరికా లెక్కలో 6 మిల్లీమీటర్లు.

మూడవది బిగువు. 10 సెంటీమీటర్లకు 24 కుట్లు రావాలని పత్రం చెప్పిందనుకొందాం. 96 సెంటీమీటర్ల చుట్టుకొలతకు సుమారు 230 కుట్లు కావాలి. మన చేతికి 22 కుట్లే వస్తే, అవే 230 కుట్లు 104 సెంటీమీటర్లు దాటుతాయి. అంగీ ఒక కొలత పెద్దదైపోతుంది. రెండు రంగుల అల్లిక ఒంటిరంగు అల్లికకంటె సాధారణంగా బిగువుగా వస్తుంది. కనుక నమూనా ముక్కను కూడ రెండు రంగులతోనే అల్లి కొలవాలి.

నాల్గవది భాషాసంబంధమైనది. "మెడవైపు ప్రతి నాల్గవ వరుసలో ఒక కుట్టు తగ్గించాలి" అన్న తరువాత, మరొక పేరాలో "అదే సమయంలో చంకవైపు తగ్గించాలి" అని ఉంటుంది. వాక్యాలు ఒకదాని తరువాత ఒకటి వచ్చినా పనులు రెండూ ఏకకాలంలో జరగాలి. కాగితం మీద వరుస సంఖ్యలు వేసి, ఏ వరుసలో ఏ వైపున ఏమి చేయాలో పట్టికగా వ్రాసికొంటే ఈ చిక్కు విడిపోతుంది. "రెండవ ముందుభాగాన్ని ఇట్లే తారుమారుగా అల్లాలి" అన్నచోట కూడ పట్టికలో కుడి, ఎడమలను మార్చి వ్రాసికొనడమే ఉపాయం.

ఇక వాడని రంగుదారం సంగతి. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన ఉప్పాడ జాందానీలో బుటా దారం ఆ బుటా ఉన్నంతమేరకే నడుస్తుంది. అందువల్ల చీర రెండువైపుల ఇంచుమించు ఒకేరీతిగా కనబడుతుంది. రెండు రంగుల ఊలు అల్లికలో వాడని దారం వెనుకనే సాగిపోతుంది. దానిని బిగించి లాగితే వస్త్రం ముడుచుకొంటుంది. 2 సెంటీమీటర్లు మించి సాగితే నడుమ ఒకచోట తగిలించాలి. లేకున్న తొడిగేటప్పుడు వ్రేళ్ళు చిక్కుకొంటాయి.

ఈ పఠనశక్తి వలన ప్రయోజనమేమి? జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ నరసాపురం లేసు స్త్రీలపై 1982లో ఒక గ్రంథం ప్రచురించారు. విదేశీ విపణికి సరుకు తయారుచేస్తున్న ఆ స్త్రీలను కార్మికులుగా కాక, తీరిక వేళల్లో అల్లుకొనే గృహిణులుగా భావించడం వల్లనే వారి శ్రమకు విలువ దక్కలేదని ఆమె నిరూపించారు. నమూనాను స్వయంగా చదివి, కుట్లు లెక్కించి, ఎన్ని గంటల పనియో వ్రాసిపెట్టుకొన్నవారు తమ శ్రమకు వెల అడిగేటప్పుడు ఆ లెక్కను ముందుంచగలరు. చదువు చేతిపనికి చేయగల మేలు ఇదే. మన విద్యార్థినులలో అల్లిక తెలిసినవారు ఒక్క సూచనాపత్రాన్నయినా సులభమైన తెలుగులోనికో ఉర్దూలోనికో మార్చి, పటం చదివే దిక్కునూ కొలతలనూ స్పష్టంగా వ్రాయాలని మా కోరిక. వచ్చే సంవత్సరపు సంచికలో అటువంటి వ్యాసమొకటి చూడగలమని ఆశిస్తున్నాము.