ఎంత తడి అని అడగనివ్వండి

మృగశిర కార్తె వచ్చే రోజుల్లోనే మన బడులూ తెరుస్తారు. కొత్త బూట్లు, కొత్త సంచి, తొలి వాన అన్నీ ఒక్కసారే ఇంటికి వస్తాయి. ఆ వారమంతా గుమ్మం దగ్గర ఒకటే కేక: "మెల్లగా వెళ్ళు, జారిపడతావ్!" మాట మంచిదే. కానీ రోజుకు పదిసార్లు విన్న మాట పిల్లల చెవికి ఎక్కదు. ఎక్కడ జారుతుందో, ఎందుకు జారుతుందో తెలిసిన పిల్ల మాత్రం ఎవరూ చెప్పకుండానే అడుగు చూసి వేస్తుంది. ఆ తెలివిడి ఇవ్వడానికి ఇంట్లో ఉన్న వస్తువులు చాలు.

ముందు పిల్లల వైపు నుంచి ఆలోచించండి. వాళ్ళు రోజూ చూసేది ఒకదానితో ఒకటి పొసగదు. తడి బాత్రూములో కాలు జారుతుంది. అదే తడి వేలికి తగిలితే అంటుకుపోయిన పేజీ ఇట్టే తిరుగుతుంది. ప్లాస్టిక్ సంచి మూతి విప్పాలంటే కూరగాయలమ్మే ఆయన వేలు తడుపుకుంటాడు. సబ్బునీళ్ళు రాస్తే బిగుతు గాజు చేతికి ఎక్కుతుంది. నూలుతాడు ముడి తడిస్తే మాత్రం గోళ్ళు నొప్పిపుట్టినా విడిపోదు. ఇంతకీ నీళ్ళు జారుస్తాయా, పట్టుకుంటాయా? ఇలా అడిగిన పిల్లకు "పెద్ద క్లాసులో చెబుతార్లే" అని జవాబివ్వకండి. ఘర్షణ పాఠం వచ్చేదాకా ఆగాల్సిన అవసరం లేదు. "ఎన్ని నీళ్ళు? దేనిమీద?" అని తిరిగి అడగండి. సగం జవాబు అందులోనే ఉంది.

ఎంత నునుపుగా కనిపించే గచ్చుకైనా, చర్మానికైనా బాగా దగ్గర నుంచి చూస్తే మిట్టపల్లాలు ఉంటాయి. రెండు వస్తువులు ఆనుకున్నప్పుడు నిజంగా తాకేవి ఆ మిట్టలే. పొడిగా ఉన్న వేలి చర్మం కాస్త గట్టిగా ఉంటుంది, కాగితాన్ని కొద్దిచోట్లే తాకుతుంది. చెమ్మ తగిలితే పైపొర మెత్తబడి ఎక్కువ మేర ఆనుతుంది. మధ్యనున్న కొద్దిపాటి నీరు వేలినీ కాగితాన్నీ దగ్గరికి లాగుతుంది కూడా. నీళ్ళు ఎక్కువైతే సంగతి మారిపోతుంది. కాలికీ టైలుకీ నడుమ నీటి పొర నిలిచిపోయి మిట్టలను ఒకదాన్నొకటి తాకనివ్వదు. ఆ నీరు పక్కకు తప్పుకోవాలంటే దానికి కాస్త వ్యవధి కావాలి, పోయే దారి కావాలి. పరుగెత్తే కాలు వ్యవధి ఇవ్వదు. నున్నటి టైలు దారి ఇవ్వదు. "మెల్లగా వెళ్ళు" అనడానికి అసలు కారణం ఇదే. పిల్లలకు ఇలాగే చెప్పండి, అర్థం చేసుకుంటారు.

వీలైతే వాళ్ళతో ఇసుక దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చోండి. పిచ్చుక గూళ్ళు కట్టించండి. పాదం మీద ఇసుక కప్పి, తట్టి, మెల్లగా కాలు తీస్తే గూడు నిలవాలి. పొడి ఇసుకతో కడితే కాలు తీయగానే కూలుతుంది. చెమ్మ ఇసుకతో కడితే నిలుస్తుంది. బకెట్టు నీళ్ళు కుమ్మరిస్తే మళ్ళీ జారిపోతుంది. తగుమాత్రం తడి ఉన్నప్పుడు రేణువుకూ రేణువుకూ మధ్య చిన్న చిన్న నీటి వంతెనలు ఏర్పడి వాటిని కలిపి పట్టుకుంటాయి. నీళ్ళు ఎక్కువైతే ఆ వంతెనలన్నీ ఒక్కటైపోయి పట్టు సడలుతుంది. సూర్యలంకకో రుషికొండకో వెళ్ళినప్పుడు పొడి ఇసుకలో కాళ్ళు కూరుకుపోవడం, అల వెనక్కి వెళ్ళిన తడి ఇసుక మీద తేలిగ్గా నడవగలగడం పిల్లలే గమనిస్తారు. మట్టి వాకిట్లో కళ్ళాపి చల్లితే దుమ్ము అణగడమూ ఈ లెక్కలోదే.

ఇక్కడే వాళ్ళకు ఈజిప్టు ముచ్చట ఒకటి చెప్పండి. దేర్ ఎల్ బర్షా అనే చోట జెహుతిహోతెప్ అనే ప్రాంతాధికారి సమాధి ఉంది. సుమారు క్రీస్తుపూర్వం 1900 నాటిది. దాని గోడ మీద ఒక చిత్రం: బ్రహ్మాండమైన విగ్రహాన్ని చక్రాలు లేని చెక్కబండి మీద పెట్టి, వరుసలు వరుసలుగా మనుషులు తాళ్ళతో లాగుతున్నారు. విగ్రహం పాదాల దగ్గర నిలబడి ఒకడు బండి ముందు నీళ్ళు పోస్తున్నాడు. అది ఏదో పూజా తంతు అయి ఉంటుందని చాలామంది అనుకునేవారు. 2014లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో ఇసుక మీద బరువు పెట్టిన చిన్న బండిని లాగి చూశారు. పొడి ఇసుక బండి ముందు కుప్పగా పోగై అడ్డుపడింది. సరైన మోతాదులో తడిపితే లాగడానికి కావలసిన బలం దాదాపు సగానికి తగ్గింది. అంతకు మించి తడిపితే ఆ లాభం పోయింది. ఇసుక రేణువులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి కాబట్టే బండి తేలిగ్గా జారింది! ఇది విన్న పిల్లల కళ్ళు వెలగకపోతే ఇంకోసారి నెమ్మదిగా చెప్పండి, తప్పకుండా వెలుగుతాయి.

ఇంట్లో చేయడానికి ఇంకో పని. స్టీలు కంచం మీద చెరిపే రబ్బరు పెట్టి, కంచాన్ని ఒకవైపు మెల్లగా ఎత్తమనండి. ఏ కోణం దగ్గర జారిందో కోణమానితో చూడాలి. తర్వాత కంచాన్ని తడిబట్టతో తుడిచి, తర్వాత నీళ్ళు పోసి, చివరికి సబ్బునీళ్ళతో. 45 డిగ్రీల దగ్గర జారితే ఘర్షణ గుణకం, అంటే పట్టు ఎంతుందో చెప్పే అంకె, 1 అన్నమాట. అంతకంటే ముందే జారితే 1కి తక్కువ. ఫలితం ఏమొస్తుందో మీరు ముందే చెప్పేయకండి, వాళ్ళనే నోటుబుక్కులో రాయనివ్వండి. ఈ పరీక్షలన్నీ చేతులతోనే చేయించండి. కాళ్ళతో బాత్రూములో పరీక్షలు వద్దని మాత్రం గట్టిగా చెప్పండి.

ఎక్కువసేపు నీళ్ళలో ఆడితే వేళ్ళు ముడతలు పడతాయి కదా. చర్మం నాని ఉబ్బడం వల్లే అలా అవుతుందని మనలో చాలామంది అనుకుంటాం. నిజానికి నాడులు ఆదేశిస్తే లోపలి రక్తనాళాలు ముడుచుకుని ముడతలు పడతాయి. వేలి నాడి తెగినవాళ్ళకు ఆ ముడతలు రావు. 2013లో బ్రిటన్‌లోని న్యూకాసిల్ పరిశోధకులు తడి గోళీలను ముడతలు పడ్డ వేళ్ళతో తీయిస్తే పని త్వరగా అయిందని చూపించారు. ముడతల మధ్య సందులు నీళ్ళు పోయే దారులవుతాయన్నది వాళ్ళ ఆలోచన.

ఆ దారుల మాట పిల్లల బుర్రలో పడ్డాక బూట్లు కొనడానికి వెళ్ళండి. రంగు వాళ్ళు చూసుకుంటారు, మీరు బూటు తిరగేసి అడుగుభాగం చూడండి. లోతైన గాట్లుంటే నీరు పక్కకు పోతుంది. అరిగి నున్నబడ్డ హవాయి చెప్పులు ఎంత ఇష్టమైనవైనా వానాకాలం ముందే తీసేయాలి. ఇంటికి టైలు ఎంచుకునేటప్పుడూ ఇదే చూపు కావాలి. తాండూరు బండలో, కడప బండలో పాలిష్ పట్టకపోతే ఉండే గరుకుతనం తడిలో కాలిని కాస్త ఆపేది. ఇప్పుడు అద్దంలా మెరిసే టైలును బాత్రూములోనూ వేస్తున్నారు. నాకైతే అది ఏమాత్రం సమ్మతం కాదు. పిల్లలూ నాయనమ్మలూ ఒకే బాత్రూము వాడే ఇంట్లో మెరుపు కంటే గరుకే ముఖ్యం. మ్యాట్ టైలు, గోడకు పట్టుకునే కడ్డీ, రోజూ సబ్బు జిడ్డు కడిగేయడం, పాచి పట్టనివ్వకపోవడం. ఇంత చాలు.

రోడ్డు మీద తొలి చినుకుల వేళే ఎక్కువ జాగ్రత్త. ఎండాకాలమంతా పేరుకున్న దుమ్మూ నూనె మరకలూ ఆ కాస్త తడికి కలిసి జిడ్డు పొరవుతాయి. గట్టి వాన పడితే అవి కొట్టుకుపోతాయి గానీ, నిలిచిన నీళ్ళలో వేగంగా వెళ్ళే టైరు నేలను వదిలి నీటి మీద తేలే ప్రమాదం ఉంటుంది. అప్పుడు స్టీరింగూ బ్రేకూ మాట వినవు. కారు టైరు గాట్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకముందే మార్చాలి. పిల్లను స్కూటరు ఎక్కించుకునే ముందు టైరు చూపించి "నీ బూటు గాట్లు చేసే పనే ఇదీ చేస్తుంది" అని చెప్పండి.

సైకిల్ తొక్కే వయసు పిల్లలుంటే ఇంకొకటి నేర్పండి. రిమ్మును పట్టుకునే బ్రేకులు తడిస్తే మొదటి క్షణంలో సరిగా పట్టవు. చక్రం ఒకటి రెండు చుట్లు తిరిగి, బ్రేకు రబ్బర్లు ఆ నీటిని తుడిచేశాకే పట్టు దొరుకుతుంది. అందుకే నీళ్ళ గుంట దాటగానే, ముందు ఎవరూ లేనప్పుడే, రెండు బ్రేకులనూ ఒకసారి సుతారంగా నొక్కి వదలాలి. వాన తగ్గాక వాళ్ళతో కలిసి వీధి చివరిదాకా వెళ్ళి, ఆ అలవాటు చేతికి పట్టేదాకా చేయించండి.