మచ్చల బట్టలు - ఒకే రంగు బట్టలు

మా చదువు కేంద్రానికి వచ్చే ఒక పిన్నిగారి అబ్బాయి సైన్యంలో చేరాడు. ఆమె అతని ఫొటో తెచ్చి అందరికీ చూపించారు. ఒంటి మీద మచ్చల బట్టలు ఉన్నాయి.

"పోలీసులవి ఒకటే రంగు కదండీ మాస్టారూ. మావాడికి ఈ మచ్చలెందుకండీ?" అని అడిగారు.

"శత్రువుకి కనబడకుండా ఉండాలి కదా!" అంది పక్కనున్న అక్క.

"అయితే అన్ని దేశాల సైనికులూ మచ్చలే వేసుకుంటారా?"

వేసుకోరు. కొన్ని సైన్యాలు ఒకే రంగు బట్టలు వాడతాయి. ఎందుకో తెలుసుకుందాం.

ముందు మన దగ్గరి కథ ఒకటి చెబుతాను. మన పక్కన కాకినాడ జిల్లాలో చందుర్తి అనే ఊరు ఉంది. 1758 డిసెంబరులో అక్కడ ఇంగ్లీషువాళ్లకీ, ఫ్రెంచివాళ్లకీ యుద్ధం జరిగింది. ఇంగ్లీషు సైన్యాన్ని నడిపినవాడు కల్నల్ ఫోర్డ్. ఆయన దగ్గర తెల్లవాళ్లూ ఉన్నారు, మన దేశపు సిపాయిలూ ఉన్నారు. మనవాళ్లు కూడా ఎర్ర బట్టలే వేసుకున్నారు. తెల్లవాళ్లు ఎత్తుగా పెరిగిన చేను చాటున ఉండిపోయారు. ఫ్రెంచివాళ్లకు ఎర్ర బట్టల సిపాయిలే కనబడ్డారు. వాళ్లే తెల్లవాళ్లనుకుని వాళ్ల మీదికి వెళ్లారు. అప్పుడు చేను చాటున ఉన్నవాళ్లు పక్కనుంచి వచ్చి పడ్డారు. ఫ్రెంచివాళ్లు ఓడిపోయారు.

చూశారా! బట్ట రంగు చూసి పొరబడితే ఎంత పని జరిగిందో!

ఆ రోజుల్లో తుపాకి గుండు ఎక్కువ దూరం పోయేది కాదు. తుపాకి పొగలో మనవాడెవరో, పరాయివాడెవరో తెలియాలి. అందుకే ఎర్రరంగు వాడేవారు. తరవాత దూరం కొట్టే తుపాకులు వచ్చాయి. ఎర్ర బట్ట కట్టినవాడు దూరానికే దొరికిపోయేవాడు. 1840ల్లో పెషావరు వైపు ఉన్న ఒక దళం మట్టిరంగు బట్టలు వేసుకోవడం మొదలుపెట్టింది. అదే ఖాకీ. ఖాక్ అంటే దుమ్ము, మట్టి.

మరి మచ్చలెందుకు? కొబ్బరితోటలో ఎండా, నీడా మచ్చలు మచ్చలుగా పడతాయి. అక్కడ మచ్చల దూడ పడుకుంటే చటుక్కున కనబడదు. దాని ఆకారం చెదిరిపోయినట్టు ఉంటుంది. అదే దూడ గోదావరి ఇసుకతిన్నె మీద నిలబడితే? ఎంత దూరానికైనా కనబడుతుంది. అంటే మచ్చలు ఒక చోటుకి పనికొస్తే, ఇంకో చోటుకి పనికిరావు.

అమెరికా సైన్యం 2004లో ఒక కొత్త రకం మచ్చల బట్ట తెచ్చింది. ఎడారికీ, అడవికీ, పట్నానికీ అదొక్కటే చాలనుకుంది. అది సరిగా పనిచెయ్యలేదు. 2015 నుంచి వేరే మచ్చల బట్టలు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇచ్చిన బట్టలన్నీ మార్చాలంటే ఎంత డబ్బు!

ఇప్పుడు ఒకే రంగు బట్టతో లాభాలు చూద్దాం.

ఒకటి: ఆకుపచ్చా, మట్టిరంగూ కలిసిన మందరంగు చాలా చోట్ల ఓ మోస్తరుగా కలిసిపోతుంది.

రెండు: ఏటి అవతలి గట్టున చిన్న చుక్కల చీర కట్టుకున్న మనిషిని చూడండి. చుక్కలు కనబడవు. ఒకటే రంగులా కనబడుతుంది. చిన్న మచ్చల సంగతీ దూరానికి అంతే.

మూడు: ఖర్చు తక్కువ. బండారులంక నేతవాళ్లను అడగండి. ఒక రంగైతే ఒకసారి ముంచితే సరి. నాలుగు రంగుల అచ్చంటే పని పెరుగుతుంది. చిరిగినా మాసిక వెయ్యడం తేలిక.

ఇజ్రాయెల్ దేశపు సైనికులు ఎక్కువమంది ఒకే రంగు బట్టలు వేసుకుంటారు. మన సైన్యం కూడా స్వాతంత్ర్యం వచ్చాక ఖాకీ వదిలి ముదురు ఆకుపచ్చ తీసుకుంది. తరవాత మచ్చలు వచ్చాయి. 2022 జనవరి 15న, సైనిక దినోత్సవం నాడు, కొత్త మచ్చల బట్టలు చూపించారు. పోలీసుల సంగతి వేరు. ఆపదలో ఉన్నవాళ్లకి పోలీసు కనబడాలి. వాళ్లు వేసుకునేది ఖాకీ.

అంతా విని పిన్నిగారు ఒక మాట అడిగారు. "మరి కదిలితే కనబడిపోతాడు కదండీ?"

నిజమే. ఏ బట్ట వేసుకున్నా కదిలితే కంటపడతారు. ఎప్పుడు ఆగాలో, ఎక్కడ నక్కాలో నేర్చుకోవాలి. సైన్యంలో అది నేర్పుతారు.

పిన్నిగారు ఫొటో మళ్లీ చూసుకున్నారు. "అయితే బట్టొక్కటే కాదు, నేర్చుకున్నదీ కాపాడుతుందన్నమాట. ఈ మాట ఉత్తరంలో నేనే రాస్తాను" అన్నారు. ఆ రోజు పలక పక్కన పెట్టి కాగితం తీసుకున్నారు.

కొత్త మాటలు: సిపాయి, దళం, మందరంగు, మాసిక.

ఆలోచించి చెప్పండి:
1. చందుర్తిలో ఫ్రెంచివాళ్లు ఎందుకు పొరబడ్డారు?
2. ఖాక్ అంటే ఏమిటి?
3. ఒకే రంగు బట్టతో ఏమి లాభాలు?
4. మీ ఊరి చేలో కనబడకుండా ఉండాలంటే ఏ రంగు బట్ట కావాలి? వరి పండిన తరవాత ఏ రంగు కావాలి?