చెడగొట్టుకోవడానికో కంప్యూటర్

ఇబ్రహీంపట్నంలో మా వీధి కుర్రాడొకడు డిప్లొమా చదువుతున్నాడు. లినక్స్ నేర్చుకోవాలని ఆర్నెల్లుగా అంటూనే ఉన్నాడు. మొదలెట్టలేదేంరా అంటే, "ల్యాప్‌టాప్‌లో ఏమన్నా పోతే అక్క ఊరుకోదు బాబాయ్" అన్నాడు. బద్ధకమని వాళ్ళమ్మ తిడుతోంది గానీ వాడిది బద్ధకం కాదు, భయం.

ఆ భయం నాకు తెలుసు. ఒకప్పుడు ఉబుంటు అనే లినక్స్ సీడీని అడిగినవాళ్ళకు పోస్టులో ఉచితంగా పంపేవారు. 2011 దాకా ఆ పద్ధతి నడిచింది. 2008లో నాకూ ఒకటొచ్చింది. డ్రైవులో పెట్టి, అడిగిన ప్రతిదానికీ 'ఫార్వర్డ్' నొక్కుకుంటూ పోయాను. అడిగినవాటిలో డిస్కు మొత్తం చెరిపేయాలా అన్నదీ ఒకటి. చెల్లెలి పెళ్ళి ఫొటోలు పోయాయి. ఇంట్లోవాళ్ళు ఇప్పటికీ దెప్పుతారు. నేను రెండేళ్ళు లినక్స్ జోలికే పోలేదు.

అందుకే "జాగ్రత్తగా చెయ్యి" అనే సలహా మీద నాకు నమ్మకం లేదు. నాలుగుసార్లు చెడగొట్టాకే జాగ్రత్త వస్తుంది. మరి ఎక్కడ చెడగొట్టాలి?

మా ఊరి థర్మల్ విద్యుత్ కేంద్రంలో 1979లో మొదలైన తొలి యూనిట్ 210 మెగావాట్లది. అంతటి యంత్రాన్ని కొత్తవాడి చేతికిచ్చి నేర్చుకోమంటారా? అందుకే థర్మల్ కేంద్రాల ఆపరేటర్లకు సిమ్యులేటర్ ఉంటుంది. అందులో బాయిలర్‌ను కావాలనే ట్రిప్ చేసి, ఇప్పుడేం చేస్తావంటారు. ఊళ్ళో ఒక్క బల్బూ ఆరదు.

వర్చువల్ మెషీనూ అంతే, కంప్యూటర్‌లో ఉత్తుత్తి కంప్యూటర్. ఐబీఎం పెద్ద యంత్రాల మీద 1972 నాటికే ఈ ఏర్పాటుంది. అలాంటివి తయారుచేసుకోవడానికి 2007లో వచ్చిన వర్చువల్‌బాక్స్ అనే ప్రోగ్రామ్ మనకు ఉచితంగానే దొరుకుతుంది.

కుర్రాణ్ణి కూర్చోబెట్టాను. ల్యాప్‌టాప్‌లో 8 జీబీ మెమరీ ఉంటే ఉత్తుత్తి కంప్యూటర్‌కి 4 ఇచ్చాం. అంతకు మించి ఇస్తే అసలు కంప్యూటరే ఆయాసపడుతుంది. 25 జీబీ డిస్కు పెట్టాం. నిజానికి అదొక ఫైలు, నిండేకొద్దీ పెరుగుతుంది. లినక్స్ ఐఎస్‌ఓ ఫైలును సీడీలా తగిలించాం. డిస్కు మొత్తం చెరిపేయాలా అని తెర మీదకు రాగానే వాడి చెయ్యి ఆగిపోయింది.

"నొక్కరా, పోయేది ఆ ఫైలే."

నొక్కాడు. ఇన్‌స్టాల్ అయ్యాక, అప్పటికి ఎలా ఉందో అలాగే దాచిపెట్టే స్నాప్‌షాట్ తీయించి, సిస్టమ్ ఫోల్డరొకటి చెరిపేయమన్నాను. లినక్స్ లేవలేదు. స్నాప్‌షాట్‌కి వెనక్కి వెళ్తే నిమిషంలో లేచింది. ఆ సాయంత్రం ఇంకో మూడుసార్లు చెడగొట్టాడు, ఈసారి నేను చెప్పకుండానే.

మీరు వాయిదా వేస్తున్న పనికీ ఇలాంటి చోటొకటి వెతకండి. ఇంటర్వ్యూకి అద్దం ముందు సాధన చేయమంటారు. అద్దం ఎదురు ప్రశ్న వేయదు. నోరు ఊరుకోని స్నేహితుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకోండి, రెండుసార్లు తడబడండి. కాకపోతే అక్కడే కాపురం పెట్టకండి. నెల తిరిగేలోగా అసలు పనిలో దిగాలి.

మర్నాడు కుర్రాడు ఫోన్ చేశాడు. పాత డీవీడీ వెతికి తనే ఇంకో లినక్స్ ఇన్‌స్టాల్ చేశాడట. "అంతా అయింది బాబాయ్, రీస్టార్ట్ చేస్తే మళ్ళీ మొదట్నుంచీ ఇన్‌స్టాల్ చేస్తావా అంటోంది."

డ్రైవులోంచి డిస్కు తీయలేదు వాడు. ఆ ఒక్కటీ మీరు మర్చిపోకండి.