పరీక్ష నెగెటివ్ వచ్చింది, మరి మాటలెందుకు రావు?

సమస్య

హెచ్‌ఐవీ ఉన్న తల్లికి పుట్టిన 20 నెలల బాబుకు మాటలు సరిగా రావడం లేదు. కుటుంబం సిరిసిల్ల వైపు నుంచి వెళ్లి సూరత్‌లోని లింబాయత్‌లో స్థిరపడింది. తండ్రికి పవర్‌లూమ్ మీద 12 గంటల షిఫ్టు. తల్లి ఇంట్లోనే చీరలకు లేసు కుడుతుంది, రాళ్లు అంటిస్తుంది. కడుపుతో ఉన్నప్పుడు పరీక్షలో బయటపడిన నాటి నుంచి వైరస్‌ను అదుపులో ఉంచే ఏఆర్‌టీ మాత్రలు ఒక్కరోజూ మానలేదు. బాబుకు వైరస్ సోకకుండా 6 వారాలు నెవిరాపిన్ సిరప్ పట్టారు, ఏడాది నిండాక పాలు మాన్పించారు. 18 నెలల పరీక్షలో నెగెటివ్ వచ్చింది. నడక, ఆట బాగానే ఉన్నాయి. మాటలే నాలుగైదు దాటలేదు. "మగపిల్లలకు మాటలు ఆలస్యంగనే వస్తయి తియ్యి" అంటుంది అత్త. జబ్బు సంగతి ఆమెకు తెలియదు. తాను మింగిన మాత్రలే బిడ్డ మెదడును దెబ్బతీశాయా? అంగన్‌వాడీలో ఏం చెప్పాలి? ఆ తల్లి అడుగుతున్నవి ఇవి.

సలహా

ఇలాంటి బిడ్డ రక్తంలో పుట్టుకతోనే తల్లి యాంటీబాడీలు ఉంటాయి. అవి పూర్తిగా పోవడానికి ఏడాదిన్నర దాకా పడుతుంది. అప్పటిదాకా యాంటీబాడీ పరీక్షను నమ్మలేం, అందుకే ఆరో వారంలో మడమ మీద గుచ్చి, కాగితంపై ఆరబెట్టిన రక్తపు చుక్కల్లో నేరుగా వైరస్ కోసమే వెతుకుతారు. 18 నెలలకు, పాలు మాన్పించి కొన్ని వారాలు గడిచాక చేసే యాంటీబాడీ పరీక్షతో విషయం తేలిపోతుంది. ఈ బాబుకు హెచ్‌ఐవీ లేదు. ఏ చికిత్సా అందకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. మాత్రలు, సిరప్ సరిగా వాడితే అది 5 శాతం లోపే. భారతదేశంలో 2014 నుంచి హెచ్‌ఐవీ ఉన్న గర్భిణులందరికీ జీవితాంతం మందులిచ్చే పద్ధతి అమల్లో ఉంది.

సోకలేదంటే ఎదుగుదలకూ ఢోకా లేదనుకోవడం తొందరపాటు. తల్లికి వైరస్ ఉండి, తమకు సోకని పిల్లల మీద పరిశోధనలు కొన్నేళ్లుగా సాగుతున్నాయి. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ దగ్గరి పార్ల్ ప్రాంతంలో డ్రాకెన్‌స్టైన్ అధ్యయనం రెండేళ్ల పిల్లలను పోల్చి చూసింది. చెప్పింది అర్థం చేసుకోవడంలో, తిరిగి మాట్లాడడంలో ఈ పిల్లలు వెనుకబడే అవకాశం కొంత ఎక్కువని 2019లో ప్రకటించింది. అది గుంపు మొత్తానికి కట్టిన లెక్క. దాన్ని బట్టి ఏ ఒక్క బిడ్డకూ జాతకం చెప్పలేం.

కారణం ఒక్కటని తేలలేదు. కడుపులో ఉండగా తల్లి రోగనిరోధక వ్యవస్థలో వచ్చే మార్పులు, నెలలు నిండని కాన్పు, తక్కువ బరువు, తల్లి దిగులు, ఇంట్లో లేమి అన్నీ కలిసి పనిచేస్తుండొచ్చు. మాత్రల మీదా అనుమానాలు రాకపోలేదు. ఏఆర్‌టీలో భాగమైన డోలుటెగ్రావిర్ అనే మందు వాడిన తల్లుల బిడ్డల్లో వెన్నుపాము లోపాలు ఉండొచ్చని 2018లో బోట్స్వానా నుంచి కబురు రాగానే కలకలం రేగింది. మరిన్ని కాన్పుల లెక్కలు చేరేకొద్దీ ఆ తేడా దాదాపు కనిపించకుండా పోయింది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గర్భిణులకూ అదే మందు సూచించింది. బిడ్డకు వైరస్ సోకితే మెదడుకు జరిగే నష్టం ముందు మాత్రల అనుమానం ఏపాటిది? ఈ భయంతో మందు ఆపడం అన్నిటికన్నా పెద్ద ప్రమాదం.

ఇక మాటల లెక్క. లింబాయత్ గల్లీల్లో బిడ్డ చెవిన తెలుగు, హిందీ, గుజరాతీ, మరాఠీ అన్నీ పడతాయి. పలు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు. అయితే మాటలు లెక్కపెట్టేటప్పుడు అన్ని భాషలవీ కలపాలి. "నీళ్లు" అన్నా మాటే, "పానీ" అన్నా మాటే. వేలితో చూపించి అడుగుతున్నాడా, పేరు పెట్టి పిలిస్తే తిరుగుతున్నాడా, సైగ చేయకుండా "చెప్పు తే" అంటే తెస్తున్నాడా అన్నవి మాటల సంఖ్యకన్నా ఎక్కువ చెబుతాయి. ఇరవై నెలలకు నాలుగైదు మాటలంటే మాత్రం తక్కువే. అత్త మాట పట్టుకుని ఇంకో ఏడాది ఆగకూడదు. రెండేళ్లకు "అమ్మా రా", "పాలు కావాలి" లాంటి రెండు మాటల జంటలు రావాలి. వచ్చిన మాట పోయిందంటే ఏ వయసులోనైనా వెంటనే డాక్టరుకు చూపించాలి.

మొదట వినికిడి పరీక్ష చేయించాలి. తర్వాత రక్తం. 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గుజరాత్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో దాదాపు 80 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఐరన్ లోపం మెదడు ఎదుగుదలను నేరుగా దెబ్బతీస్తుంది. హెచ్‌ఐవీ గురించే ఆలోచిస్తూ దీన్ని మరిచిపోవడం మామూలే. వారానికి రెండుసార్లు 1 మి.లీ. ఐరన్ సిరప్ అంగన్‌వాడీలోనో ఆశా కార్యకర్త దగ్గరో అడిగి తీసుకోవచ్చు. సూరత్‌లోని న్యూ సివిల్ ఆస్పత్రిలోనూ, స్మీమేర్ ఆస్పత్రిలోనూ పిల్లల విభాగం, ఏఆర్‌టీ కేంద్రం రెండూ ఉన్నాయి. ఎదుగుదల లోపాలున్న పిల్లలకు జిల్లా స్థాయిలో డీఈఐసీ అనే ఉచిత కేంద్రం ఉంటుంది. అక్కడికి పంపమని పిల్లల డాక్టరునే అడగాలి.

ఇంట్లో చేయాల్సిన వైద్యం కబుర్లే. ఖరీదైన బొమ్మలు, కార్డులు కొననక్కర్లేదు. లేసు కుడుతూనే "ఇది ఎర్రది, ఇది పచ్చది, పచ్చది ఇయ్యి" అంటూ మాట్లాడాలి. ఇచ్చాక బాబు ఏ శబ్దం చేసినా దాన్ని అందుకుని జవాబివ్వాలి. (రాళ్లు, గమ్ము డబ్బా మాత్రం చేతికి అందనీయొద్దు, నోట్లో పెట్టేసుకుంటాడు.) పని సాగాలని చేతికి ఫోనిస్తే ఈ ఇచ్చిపుచ్చుకోవడమే ఆగిపోతుంది. రెండేళ్లలోపు పిల్లలకు తెర వద్దంటారు డాక్టర్లు. తండ్రి షిఫ్టు దిగి వచ్చాక పావుగంట బాబును ఒళ్లో కూర్చోబెట్టుకుని కబుర్లాడినా మేలే. తల్లి దిగులుతో ముభావంగా ఉంటే బిడ్డ చెవిన పడే మాటలూ తగ్గుతాయి. కాబట్టి ఆమె ఏఆర్‌టీ కేంద్రంలోని కౌన్సెలర్‌తో తన మనసులోని బాధ కూడా చెప్పుకోవాలి. 1097 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయడం ఉచితం.

అంగన్‌వాడీలో హెచ్‌ఐవీ మాట ఎత్తనక్కర్లేదు. 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం ప్రకారం ఆ సంగతి చెప్పమని ఎవరూ ఎవరినీ బలవంతపెట్టకూడదు. తెలిసినవాళ్లు అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. హెచ్‌ఐవీ ఉన్నవారితో ఒకే ఇంట్లో ఉంటున్నాడన్న కారణంతో పిల్లవాడి పట్ల వివక్ష చూపడమూ చట్ట విరుద్ధమే. వైద్యం చేసే డాక్టరుకు చెబితే మేలు. అత్తకు చెప్పాలా వద్దా అన్నది తల్లి ఇష్టం. బాబుకు మాట ఆలస్యమైంది, చెవులు చూపించాలి అంటే చాలు, ఆస్పత్రికి వెళ్లడానికి ఆ కారణం సరిపోతుంది.