ఎలక్ట్రానిక్ కాటా: అందలి యాంప్లిఫయర్ పని

ఆరుగాలము శ్రమించి పండించిన ధాన్యము తుదకు కాటా మీదకు చేరును. అక్కడ వెలిగే అంకెను బట్టియే రైతునకు సొమ్ము ముట్టును. ఆ అంకె ఎట్లు వచ్చునో ఎరిగిన రైతు మోసపోడు, ఊరక అనుమానపడడు.

లోడ్ సెల్

కాటా బల్ల క్రింద ఉక్కు లేక అల్యూమినియం దిమ్మె ఒకటి యుండును. దీనినే లోడ్ సెల్ అందురు. బరువు పడగానే ఇది కంటికి కానరానంత కొద్దిగా వంగును. దీనికి అంటించిన నాలుగు స్ట్రెయిన్ గేజ్‌లలో రెండు సాగును, రెండు కుదించుకొనును. సాగిన వానిలో విద్యుత్ నిరోధము పెరుగును. కుదించుకొన్న వానిలో తగ్గును. ఈ తేడాయే బరువునకు గుర్తు.

సంకేతమెంత చిన్నది?

200 కిలోల లోడ్ సెల్‌కు 10 వోల్టులు అందించినచో, పూర్తి బరువునకు సాధారణముగా 20 మిల్లీవోల్టులు మాత్రమే వచ్చును. అనగా 100 గ్రాములకు మిల్లీవోల్టులో నూరవ వంతు! టార్చిలైటు సెల్లులో 1,500 మిల్లీవోల్టులుండునని తలచినచో ఇది ఎంత స్వల్పమో తెలియగలదు.

యాంప్లిఫయర్

ఈ సంకేతమును 250 రెట్లు పెంచినచో 20 మిల్లీవోల్టులు 5 వోల్టులగును. దానిని వేరొక భాగము అంకెలుగా మార్చును. యాంప్లిఫయర్ రెండు తీగల మధ్యనున్న తేడానే పెంచును. దగ్గరి మోటారు వలన రెండు తీగలపై సమముగా పడిన అలజడిని చాలవరకు విడిచివేయును.

కాని ఒక్క మాట మరువరాదు. తీగల అతుకులో చెమ్మ చేరినను, ఎలుక తీగను కొరికినను, ఆ తప్పును కూడ యాంప్లిఫయర్ పెంచియే చూపును. తప్పొప్పులు దానికి తెలియవు.

మీరు చేయవలసినది

1. బస్తా పెట్టక ముందు అంకె సున్న చూపవలెను.

2. ముద్ర వేసిన 20 కిలోల రాయిని బల్ల నడుమను, నాలుగు మూలలను ఉంచి చూడుడు. అన్నిచోట్ల ఒకే తూకము రావలెను.

3. బస్తాలుండగా అదే రాయిని చేర్చుడు. సరిగా 20 కిలోలు పెరుగవలెను.

4. బల్ల క్రింద రాళ్లు, గింజలు చిక్కుకొనకుండ, బస్తా గోడకు ఆనకుండ చూడుడు.

5. తూనికలు, కొలతల శాఖ ముద్ర గడువు చూడుడు.

గ్రామాధికారులు కొనుగోలు కేంద్రమున ముద్ర రాళ్లను అందుబాటులో ఉంచి, ప్రతి ఉదయము తూకము మొదలిడుటకు ముందే ఈ పరీక్ష రైతుల యెదుట జరిపించవలెను. బస్తాకు అరకిలో తేడా వచ్చినను, నూరు బస్తాలకు 50 కిలోల ధాన్యము నష్టమగును గదా!